మీ మీద నాకేం లేదు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అన్నయ్య అందరికీ చెబుతుంటాడు. ఉంటే ఉండనివ్వండి, కనిపించే చోటే ఉంది కదా. మా వదిన కోపం ఎక్కడ ఉండేదో, ముప్పై ఒక్కేళ్ళుగా అవే మెట్లు ఎక్కి దిగుతున్న నాకే తెలియలేదు. ఇది ఆవిడ సంగతి. పత్రికల్లో ఫోటో పడే మనిషి కాదు. కర్టెన్లు కుడుతుంది.

వాళ్ళది మూడో అంతస్తు, నాది రెండోది. నేను ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం చేస్తాను. ఒంటి ఆడదాన్ని, పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి ఒక్కొక్కళ్ళకి ఒక్కో కారణం చెప్పాను, అన్నీ అబద్ధాలే. పైన వదిన మిషను తొక్కితే నా గదిలో వినిపిస్తుంది. పెద్ద తెర అయితే చప్పుడు ఆగకుండా సాగుతుంది, చిన్నదైతే మాటిమాటికీ ఆగుతుంది. హోటలు గదులకి, ఆసుపత్రి వార్డులకి, పెళ్ళి హాళ్ళకి ఆవిడ కుట్టిన తెరలు ఎన్ని వేలాడుతున్నాయో ఆవిడకే తెలియదు. ఇల్లు రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, దాని వెనక గుడ్డ కత్తిరించే బల్ల. ఆ రెండింటికీ మధ్య ఒక మనిషి నిలబడే చోటు ఉంటుంది. ఆ చోటే కొంప ముంచింది.

అన్నయ్య బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసేవాడు. ముప్పై నాలుగేళ్ళు మనుషుల వెనక నిలబడి, భుజం మీదుగా చెయ్యి చాపి, "టికెట్?" అని అడిగాడు. కిందటేడు రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయింది గానీ నిలబడటం అయిపోలేదు. కూర్చోమంటే కూర్చుంటాడు, రెండు నిమిషాల్లో లేచి మిషను వెనకాలకి వచ్చేస్తాడు.

అక్కడ నిలబడి తిట్టడు, అరవడు. చూస్తాడు. "దారం అయిపోవస్తోంది" అంటాడు. దారం అయిపోవస్తోందని ఆవిడకి కనిపించదా? "కొంచెం ఎడమకి పోతోంది" అంటాడు. పోవడంలేదు. ఒక్కో అంచు పూర్తవగానే నాలుకతో టిక్కుమని చిన్న చప్పుడు చేస్తాడు, టికెట్టుకి చిల్లు పెట్టినట్టు. ఆవిడ మాట మొదలుపెడితే ఈయన పూర్తి చేస్తాడు, అదీ తప్పుగా. స్నానానికి వెళ్ళొస్తే "పదకొండు నిమిషాలు" అంటాడు. ఆవిడ గది దాటి కాలు బయట పెడితే "ఎక్కడికి?" అని అడుగుతాడు. ఉన్నదే రెండు గదులు, ఎక్కడికి పోతుంది పాపం, వంటింట్లోకి.

ఒకరోజు మధ్యాహ్నం వదిన నా ఇంటికి దిగి వచ్చింది. చేతిలో ఏమీ లేదు. కుర్చీలో కూర్చుని గోడ వంక చూస్తోంది.

"ఏమైంది వదినా?"

"ఏం కాలేదు. కాసేపు ఎవరూ చూడకుండా కూర్చుందామని వచ్చాను. నువ్వు కూడా నీ పని చేసుకో."

నేను అటు తిరిగి బట్టలు మడతపెట్టుకున్నాను. అయిదు నిమిషాలు గడిచాయో లేదో మెట్ల మీద అడుగుల చప్పుడు, ఆ తర్వాత తలుపు మీద రెండు దెబ్బలు. "ఇక్కడున్నావా? చెప్పి రావచ్చు కదా, పైనంతా వెతికాను" అన్నాడు అన్నయ్య. పైనంతా అంటే రెండు గదులు. వదిన లేచింది. నేను గుమ్మం దగ్గర ఆవిడ చెయ్యి పట్టుకుని చెవిలో అన్నాను, వెనక నిలబడొద్దని మొహం మీదే చెప్పమని.

"చెప్పాను" అంది. "ఇప్పుడు పక్కన నిలబడుతున్నారు."

నవ్వొచ్చింది నాకు. ఆవిడకి రాలేదు. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది.

ఇక్కడ మా చర్చి సంఘం సంగతి ఒకటి చెప్పాలి. నెలకి మొదటి ఆదివారం మా గుడిలో బల్ల ఉంటుంది, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన. వెనకటి పాస్టరు గారు పెట్టిన కట్టడి ఒకటుంది. ముందురోజు, శనివారం సాయంత్రం ప్రార్థనకి ముందు, ప్రతి ఇంట్లోనూ మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా నిలబడి ఒకరితో ఒకరు "నీ మీద నాకేం లేదు" అని చెప్పుకోవాలి. ఏమైనా ఉంటే అది తేల్చుకోవాలి. తేలకపోతే బల్ల ముట్టుకోకూడదు. ఇంకో మెలిక కూడా ఉంది. మా సంఘంలో వాక్యాన్ని ఎలా చెబుతారంటే, వెనక్కి తగ్గాల్సింది కోపం ఉన్నవాడు కాదు, ఎవరి మీద కోపం ఉందో వాడు. నీ మీద ఎవరికైనా ఏదైనా ఉందని తెలిస్తే, నీ కానుక అక్కడే వదిలి ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

ఈ మెలిక మా అన్నయ్యకి ప్రాణం మీదకి తెచ్చింది, ఎందుకంటే అన్నయ్య సంఘ పెద్ద. రొట్టె పళ్ళెం పట్టుకుని వరస వరసకీ తిరిగేది ఆయనే, ఇరవై రెండేళ్ళుగా. ఉద్యోగం పోయాక ఆయనకి మిగిలిన గౌరవం అదొక్కటే. శనివారం మధ్యాహ్నమే తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటాడు, వదినని ముట్టుకోనివ్వడు.

నేను ఒంటిదాన్ని కాబట్టి శనివారం ప్రార్థనకి పైకే వెళ్తాను. ఆ మాటలు ఎన్నిసార్లు విన్నానో. అన్నయ్య నిటారుగా నిలబడి "నీ మీద నాకేం లేదు" అంటాడు. వదిన చీర కొంగుకి అంటుకున్న దారప్పోగులు ఏరుకుంటూ "మీ మీద నాకేం లేదు" అంటుంది. పొయ్యి ఆర్పావా అంటే ఆర్పాను అన్నట్టు ఉండేది ఆ జవాబు. నేనెప్పుడూ చెవి పెట్టి వినలేదు.

ఆ శనివారం అన్నయ్య తన మాట చెప్పాడు. వదిన కొంగు ముట్టుకోలేదు. చేతులు రెండూ వేలాడేసి నిలబడింది.

"ఊ, చెప్పు" అన్నాడు అన్నయ్య.

"ఉంది" అంది వదిన.

"ఏంటి ఉంది?"

"మీ మీద నాకు ఉంది."

ఆయన నా వైపు చూశాడు, నేనేదో ఎక్కించినట్టు. నాకేం తెలుసు? ఏముందో చెప్పమని ఆయన అడిగాడు. ఆవిడ "చెప్పడానికి ఏమీ లేదు. కానీ ఉంది" అంది. ఆ రోజు ప్రార్థన నేనే చేశాను. ఏం చేశానో ఆ దేవుడికే తెలియాలి.

మర్నాడు పళ్ళెం ఇంకో పెద్దాయన పట్టుకున్నాడు. అన్నయ్య ఇస్త్రీ చొక్కాలో వెనక వరసలో కూర్చున్నాడు. గుడి నిండా మెడలు తిరిగాయి. తాగుతాడా అని ఒకావిడ నన్నే అడిగింది. తాగితే బాగుండేదమ్మా, జవాబు చెప్పడం తేలికయ్యేది అన్నాను. ఆవిడ మొహం చిట్లించుకుని వెళ్ళిపోయింది.

బుధవారం పాస్టరు గారు వదినని పిలిపించారు. నేనూ వెంట వెళ్ళాను, పిలవకపోయినా. ఈ పాస్టరు గారు కొత్తాయన, కుర్రాడు, మంచివాడే. పెళ్ళై రెండేళ్ళు కాలేదు. వదినని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు.

"అమ్మా, దాచుకోకుండా చెప్పండి. చెయ్యి చేసుకుంటారా?"

"లేదండీ."

"తాగుడు? ఇంకేమైనా?"

"అయ్యో, లేదండీ. అలాంటి మనిషి కాదు."

"మరి?"

వదిన గ్లాసు పక్కన పెట్టింది. "మిషను వెనక నిలబడతారండీ."

ఆయన ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశారు. "అంతేనా అమ్మా?" అన్నారు. వదిన ఇంకా చెప్పింది. దారం సంగతి, నాలుకతో టిక్కు, పదకొండు నిమిషాలు. చెప్పే కొద్దీ ఆవిడ గొంతు చిన్నదైపోతోంది. ఒక్కొక్కటీ బయటకి రాగానే గడ్డివాములో పడ్డ సూదిలా కనిపించకుండా పోతోంది. ఆ గదిలో కూర్చుని వింటుంటే నాక్కూడా అవన్నీ చిల్లరగానే అనిపించాయి, నిజం చెప్పొద్దూ. పాస్టరు గారికి పెదవి చివర నవ్వు వచ్చి ఆగింది. అది వదిన చూసింది.

"ప్రేమ ఉంటే ఇలాంటివి ఓర్చుకోవడం పెద్ద కష్టం కాదమ్మా" అన్నారాయన మెల్లగా.

"ఓర్చుకుంటున్నాను కదండీ. ఓర్చుకోవడం వేరు, లేదని చెప్పడం వేరు. ఓర్చుకోమంటే చచ్చేదాకా ఓర్చుకుంటాను. లేదని మాత్రం ఇంక నోరు రావడంలేదు."

నాకు ఒళ్ళు మండింది. "మీరు ప్రసంగం రాసుకుంటుంటే మీ ఆవిడ వచ్చి వెనక నిలబడి, అయ్యో అక్కడ చుక్క పెట్టలేదు అంటే, రోజుకి ఎనిమిది గంటలు, ఏడాది పాటు, అప్పుడు మాట్లాడండి" అన్నాను. వదిన నా మోచెయ్యి గిల్లింది. పాస్టరు గారికి మొహం ఎర్రబడింది. అయినా పాపం మర్యాద తప్పలేదు. వచ్చే నెల బల్లకి ముందు శనివారం దాకా గడువు ఉందనీ, అప్పటికీ తేలకపోతే పళ్ళేనికి ఇంకొకరిని ఖాయం చేయమని మిగతా పెద్దలు పట్టుబడుతున్నారనీ చెప్పారు. ఖాయం అంటే ఇక అంతే, మళ్ళీ తిరిగి రాదు.

దారిలో వదిన బస్సు ఎక్కనంది. నడిచాం.

"వదిలేసి వెళ్ళాలని లేదు" అంది ఉన్నట్టుండి. "ఎక్కడికి వెళ్తాను? ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరం వచ్చినప్పుడు తొమ్మిది రోజులు తడిగుడ్డ వేశారు. పెళ్ళిలో ఏం చెప్పారు, ఇద్దరూ ఒక్క శరీరం అవుతారన్నారు. ఒప్పుకున్నాను. ఒక్క గది అవుతారని చెప్పలేదు కదే."

అంటూనే నడిరోడ్డు మీద ఏడ్చింది. పళ్ళెం పోతే ఆయన బతకడని ఆవిడకి తెలుసు. లేదు అని ఒక్క అబద్ధం ఆడితే ఆయన పళ్ళెం ఆయనకి వస్తుంది, ఆవిడ మాత్రం మళ్ళీ ఆ మిషను ముందు కుర్చీలోకి వెళ్ళి కూర్చోవాలి, ఈసారి ఎన్నేళ్ళో. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ ఆవిడ పరిస్థితి. నేను కొంగు అందించడం తప్ప ఏం చేయగలను?

ఆ సాయంత్రం అన్నయ్య నోటు పుస్తకం తీశాడు. ఉద్యోగంలో టికెట్టు లేనివాళ్ళ వివరాలు రాసుకునే పుస్తకం లాంటిది. "వరసగా చెప్పు, రాసుకుంటాను. ఏడైతే ఏడు, పదైతే పది. ఒక్కోటీ దిద్దుకుంటాను" అన్నాడు. ఎగతాళి కాదు. ముక్కు మీద కళ్ళజోడు, చేతిలో పెన్సిలు, పరీక్ష రాసే పిల్లాడిలా కూర్చున్నాడు. వదిన చెప్పింది. ఆయన అంకెలు వేసుకుని రాసుకున్నాడు. రెండోది మళ్ళీ చెప్పమన్నాడు.

దిద్దుకున్నాడండీ. అబద్ధం ఎందుకు చెప్పాలి. మర్నాటి నుంచీ టిక్కు చప్పుడు లేదు. ఆవిడ మాట తను పూర్తి చేయడం లేదు. కాకపోతే, "ఇవాళ పొద్దున్నించీ దారం మాట ఎత్తలేదు, చూశావా?" అంటాడు. "మూడోది పూర్తిగా మానేశాను" అంటాడు. ఆవిడ మాట మొదలుపెడితే పెదాలు బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసి, ఆ మాట ఎప్పుడు అవుతుందా అని చూస్తాడు. దాంతో ఆవిడే సగంలో ఆపేస్తుంది. తప్పుచేసే మొగుణ్ణి భరించవచ్చు గానీ, తప్పు చేయడం మానేశానని పూటకోసారి వచ్చి చూపించే మొగుణ్ణి భరించడం ఎవరి తరం?

మూడో వారం ఒక మధ్యాహ్నం నేను డ్యూటీ నుంచి వస్తుంటే మా మెట్ల మీద, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య, అన్నయ్య కూర్చుని ఉన్నాడు. కింద పాత పేపరు వేసుకున్నాడు. ఉద్యోగంలో నిలబడి నిలబడి వాచిన మోకాలు చాపుకుని, గోడకి ఆనుకుని ఉన్నాడు.

"ఇక్కడేంటన్నయ్యా?"

"మీ వదిన కుడుతోంది. లోపలుంటే కాళ్ళు అటే పోతున్నాయి. అందుకని ఇక్కడికి వచ్చేశాను."

"ఎంతసేపటి నుంచి?"

"పొద్దున టిఫిను అయిన దగ్గర్నుంచి. పర్లేదు, గాలి బాగానే వస్తోంది."

గాలీ లేదు, పాడూ లేదు. పై నుంచి మిషను చప్పుడు వినిపించడం లేదు. నేను ఆయన్ని దాటుకుని పైకి వెళ్ళాను. వదిన మిషను ముందు కూర్చుని ఉంది. హోటలు వాళ్ళ నీలం గుడ్డ సూది కింద అలాగే ఉంది, ఒక జానెడు కూడా కదలలేదు.

"కుట్టడంలేదేం?"

"ఎలా కుట్టను? అరవై ఏళ్ళ మనిషి నాకోసం మెట్ల మీద కూర్చుంటే నాకు కాలు కదులుతుందా?" అంది. "లోపలుంటే ఒక చోటే నిలబడేవారు. ఇప్పుడు ఇల్లంతా ఆయనే ఉన్నారు."

లోపలికి రమ్మను మరి అన్నాను. పిలిస్తే వచ్చి వెనకే నిలబడతారు అంది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఎవరిని తిట్టాలో తెలియక కిందకి వచ్చి నా తలుపే గట్టిగా వేసుకున్నాను. ఆ సాయంత్రం దాకా పైన మిషను నడవలేదు. మెట్ల మీద అన్నయ్య దగ్గు మాత్రం వినిపిస్తూనే ఉంది.

గడువు శనివారం వచ్చింది. మధ్యాహ్నం అన్నయ్య చొక్కా ఇస్త్రీ చేశాడు. అది చూసి వదిన మొహం పాలిపోయింది. నేను ప్రార్థనకి పైకి వెళ్ళేసరికి ఇద్దరూ ముందు గదిలో ఎదురెదురుగా నిలబడే ఉన్నారు, నాకోసం ఆగినట్టు. ఆవిడ ఏం చెప్పబోతోందో ఆవిడ కళ్ళలో నాకు కనిపించింది. లేదు అని చెప్పేస్తుంది. మెట్ల మీద ఆ మోకాలు చూశాక ఆవిడ ఇంకేం చెప్పగలదు? మనసులో నేను కూడా అదే చెప్పమ్మా, ఈ ఒక్కసారికి, అనుకున్నాను. సిగ్గులేకుండా అనుకున్నాను.

ముందు అన్నయ్య చెప్పాలి, ఎప్పుడూ అంతే.

"నీ మీద నాకు..." అని ఆగాడు. పుస్తకం తీయలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఉంది."

వదినకి అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. ఈ మనిషి మీద మనకి ఉంటుంది గానీ, ఈ మనిషికి మన మీద ఏమైనా ఉంటుందని మేమిద్దరం ఎన్నడూ అనుకోలేదు.

"నా మీదా?" అంది వదిన.

"ముప్పై ఒక్కేళ్ళు నెలనెలా లేదని చెప్పావు. నేను నమ్మాను. నమ్మి, వెళ్ళి పళ్ళెం పట్టుకున్నాను, అందరి నోటికీ అందించాను. మెట్ల మీద కూర్చుంటే వేరే పనేముంది, అదే ఆలోచించాను. వాటిల్లో నిజం ఎన్ని?"

ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది. వదిన అబద్ధం ఆడటానికి సిద్ధపడి వచ్చిన మనిషి. ఇప్పుడు ఆడొచ్చు. అన్నీ నిజమే అంటే సరిపోయేది, ఆయన నమ్మేవాడు కూడా.

"మొదటి ఏడాది నిజం" అంది.

"మొత్తం ఏడాదా?"

"మొత్తం."

అన్నయ్య తల ఊపాడు. కత్తిరించే బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. ఇంకేమీ అడగడనుకున్నాను. అడిగాడు.

"ఆ ఏడాది నేను ఎలా ఉండేవాణ్ణి? చెప్పు. అలాగే ఉంటాను."

వదిన ఆయన పక్కన కూర్చుంది. ఏడవలేదు. ఆయన్ని చూస్తూ, చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఇలాగే ఉండేవారండీ. సెలవు రోజున పొద్దున్నుంచీ మిషను వెనకే నిలబడేవారు. మీరు లోపలికి వెళ్తే, ఎందుకు వెళ్ళారా అని నేను కుట్టడం ఆపేసేదాన్ని."

ఆ శనివారం మేము ప్రార్థన చేయలేదు. మర్నాడు గుడిలో ఇద్దరూ ఒకే వరసలో పక్కపక్కన కూర్చున్నారు. పళ్ళెం పట్టుకున్న కొత్తాయన వాళ్ళ ముందు ఒక్క క్షణం ఆగాడు. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. ఆయన దాటి నా దగ్గరికి వచ్చాడు.